పాట వెంట గీతలు



ముందుగా ఒక చిన్న పని చేద్దాం. మీ అరచేతిని నోటికి ఎదురుగా బెత్తెడు దూరంలో పెట్టుకొని 'పాపాయి' అనండి. తర్వాత 'రాముడు' అనండి. మొదటి మాటకు అరచేతికి గాలి తగిలింది, రెండోదానికి తగల్లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి చెవి ఈ గాలిని లెక్కచేయదు. మైకు మాత్రం పట్టేస్తుంది. 'ప' అన్నచోటల్లా స్పీకరులో 'ధబ్' మని మోత వస్తుంది. అందుకే మైకు ముందు పల్చటి గుడ్డ బిగించిన చట్రం ఒకటి పెడతాం, లేదంటే పాడేవాళ్ళను కాస్త పక్కకు జరిపి కూర్చోబెడతాం. రికార్డింగు పనిలో సగం చదువు ఇలాంటి సంగతులే.

మిగతా సగం కంప్యూటరు తెర మీద ఉంది. ఈ రోజు మీతో చెప్పాలనుకున్నది దాని గురించి.

నాకు ఇంట్లోనే ఒక చిన్న రికార్డింగు గది ఉంది. ఒక ల్యాప్‌టాప్, రెండు మైకులు, మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్ అనే పెట్టె, ఒక బుల్లి కీబోర్డు. ఇంతే సరంజామా. ల్యాప్‌టాప్‌లో పాటను పట్టి, కూర్చి, సరిచేసే సాఫ్ట్‌వేర్‌ను డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు. ఈ పనిలో ఉన్నవాళ్ళు పొట్టిగా 'డా' అనేస్తారు. ప్రో టూల్స్, క్యూబేస్, లాజిక్, రీపర్ అని రకరకాల పేర్లతో దొరుకుతాయి గానీ తెర మీద కనిపించే బొమ్మ దాదాపు ఒకటే. కాలం ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ట్రాకులు ఒకదాని కింద ఒకటి పరుచుకొని ఉంటాయి. వాటి మీదుగా నిలువు గీతలు గీసి ఉంటాయి. అవి తాళం గీతలు. ఎక్కడ దెబ్బ పడాలో చెప్పే గీతలు.

ఆ ట్రాకుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి ఆడియో, ఇంకొకటి మిడి. చూడటానికి రెండూ రంగు పట్టీలే. కానీ ఒకదానిలో మనిషి ఉంటాడు, ఇంకొకదానిలో మనిషి చేసిన పని వివరం మాత్రమే ఉంటుంది. ఈ తేడా మనసుకు ఎక్కితే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒక నెలలో చేతికి వస్తుంది. ఎక్కకపోతే ఏళ్ళు గడిచినా తడుముకోవడం తప్పదు.

ఆడియో అంటే శబ్దమే. గొంతు గాలిని కదిలిస్తుంది, ఆ గాలి మైకులోని సన్నటి పొరను కదిలిస్తుంది, ఆ కదలిక కరెంటుగా మారుతుంది. ఇంటర్‌ఫేస్ ఆ కరెంటును సెకనుకు 48,000 సార్లు కొలిచి ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసిపెడుతుంది. సీడీలకు అయితే 44,100 సార్లు. ఎందుకన్ని సార్లు? మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. దేన్నయినా సరిగ్గా పట్టుకోవాలంటే దాని వేగానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి. అదీ లెక్క. కొలత ఎంత సన్నగా ఉండాలన్నది ఇంకో సంగతి. 16 బిట్లలో ఒక్కో కొలతకు 65,536 మెట్లు ఉంటే, 24 బిట్లలో కోటీ అరవై ఏడు లక్షలకు పైగా ఉంటాయి. అందుకే ఇప్పుడు రికార్డింగు 24 బిట్లలోనే చేస్తాం. ఒక్క గొంతు ఒక్క నిమిషం పాడితే సుమారు 8.6 మెగాబైట్లు అవుతుంది. ఆ అంకెల్లో గొంతు ఒక్కటే ఉండదు. ఊపిరి ఉంటుంది, గాజుల చప్పుడు ఉంటుంది, పక్కింటి కుక్కర్ విజిల్ కూడా ఉంటుంది.

మిడి అలా కాదు. అందులో శబ్దమే లేదు. కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కితే కంప్యూటరుకు వెళ్ళేది ఒక కబురు: 'ఒకటో ఛానెల్లో 60వ మెట్టు 90 బలంతో నొక్కారు' అని. వేలు తీస్తే 'వదిలారు' అని మరో కబురు. ఒక్కో కబురు మూడంటే మూడు బైట్లు. మెట్ల సంఖ్య 0 నుంచి 127 దాకా, నొక్కిన బలం కూడా 0 నుంచి 127 దాకా. 60 అంటే హార్మోనియం మీద మనం ఒకటో శ్రుతి అనుకునే మెట్టు. ఆ కబురును వేణువు చేతిలో పెడితే వేణువు పలుకుతుంది, వీణ చేతిలో పెడితే వీణ పలుకుతుంది. కబురు మారదు, పలికే వాయిద్యం మారుతుంది. సంగీతం నేర్చుకునే పిల్లలు నోటు పుస్తకంలో సాహిత్యం మీద స్వరాలు రాసుకుంటారు కదా, మిడి అలాంటి స్వరలిపి. పుస్తకం తెరిచినంత మాత్రాన పాట వినపడదు, ఎవరో ఒకరు పాడాలి. ఒకటిన్నర శ్రుతిలోకి మార్చాలంటే గొంతును సాగదీయాల్సిన పని లేదు, అంకెలన్నిటికీ ఒకటి కలిపితే చాలు.

ఈ లిపి పుట్టుక నాకు ఎంతో ఇష్టమైన కథ. 1980ల మొదట్లో ఒక కంపెనీ సింథసైజరు ఇంకో కంపెనీ సింథసైజరుతో మాట్లాడలేకపోయేది. ఎవరి భాష వారిది. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడుపుతున్న డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కాకెహాషి, మార్కెట్లో పోటీదారులై ఉండి కూడా ఒకే భాష ఉండాలని పూనుకున్నారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్ 600నూ రోలాండ్ వారి జూపిటర్ 6నూ ఒక తీగతో కలిపారు. ఒకదాని మెట్టు నొక్కితే రెండోది పలికింది. అదే ఏడాది ఆగస్టులో ప్రమాణ పత్రం వెలువడింది. దాన్ని వాడుకోవడానికి ఎవరూ రుసుము కట్టనక్కర్లేకుండా వదిలేశారు. ఆ ఉదారతే దాన్ని నలభై ఏళ్ళకు పైగా బతికించింది. 2013లో ఇద్దరికీ కలిపి సాంకేతిక గ్రామీ ఇచ్చారు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు, కానీ 1983 నాటి కీబోర్డు ఈనాటి కంప్యూటరుతో ఇంకా మాట్లాడుతుంది. ఇంత కాలం చెల్లుబాటైన కంప్యూటరు భాషలు చాలా తక్కువ.

ఇక నా గదిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

వరుసకు నాకు పిన్నమ్మ అయ్యే ఒకావిడ ఉన్నారు. డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు నాట్లకు వెళ్ళేవారు, నాట్ల పాటలు ఆవిడకు బోలెడు వచ్చు. ఆ పాటలు రికార్డు చేద్దామని పిలిచాను. గది అంతా సిద్ధం చేశాను. వెనక గోడకు పరుపు నిలబెట్టాను, ఫ్యాను ఆపాను, ఫ్రిజ్ కట్టేశాను. ఇన్వర్టర్ కూడా ఆపేశాను. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఎర్తింగ్ సరిగా లేకపోతే ఆ 50, దాని రెట్టింపు 100, ఆపై 150 దగ్గర సన్నటి ఝుంకారం పాట అడుగున కూర్చుంటుంది. సెల్‌ఫోన్లు పక్క గదిలో పెట్టించాను. మైకుకు జానెడు దూరంలో ఆవిణ్ణి కూర్చోబెట్టాను. ఇంకా దగ్గరైతే గొంతులో మంద్రం లేనిపోనిది పెరుగుతుంది, దూరమైతే గది మోగుతుంది. స్థాయి చూసుకున్నాను. డిజిటల్‌లో సున్నా డెసిబెల్ అంటే పైకప్పు, దాన్ని తాకితే అల తల తెగిపోతుంది, మళ్ళీ అతకదు. ఎంత గట్టిగా పాడినా మైనస్ పది, పన్నెండు దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. అదీ పెట్టుకున్నాను.

తర్వాత తప్పు చేశాను. ఆవిడ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అందులో క్లిక్ వేశాను. క్లిక్ అంటే తాళం గీతల ప్రకారం టక్ టక్ మని మోగే గడియారం. ఆ క్లిక్‌కు అనుగుణంగా పాడితే తర్వాత మిడిలో తంబురా, డప్పు, వేణువు చేర్చడం నాకు సులువు. ఆవిడ రెండు చరణాలు పాడి ఆపేశారు. "చెవిలో ఈ టకటక ఏంటి నాయనా? నా గొంతు నాకే వెనకనుంచి ఎవరో పాడుతున్నట్టు వినపడతంది" అన్నారు.

రెండూ నిజమే. గొంతు వెనకబడటానికి కారణం కంప్యూటరు. అది వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే పంపదు, కొంత పోగేసుకొని పంపుతుంది. ఆ పోగు పేరు బఫర్. నేను దాన్ని 1024 కొలతల దగ్గర వదిలేశాను. సెకనుకు 48,000 కొలతలంటే 1024 పోగవడానికి సుమారు 21 మిల్లీసెకన్లు. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి వెళ్ళేటప్పుడు ఇంకోసారి, మొత్తం 42. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. అంటే తన గొంతు తనకే పద్నాలుగు మీటర్ల అవతలి నుంచి వచ్చినట్టు వినిపించింది ఆవిడకు. కచేరీలో మృదంగం ఆయన వేదిక దిగి పద్నాలుగు మీటర్లు వెనక్కి వెళ్ళి కూర్చుంటే పాడేవాళ్ళ గతి ఏమవుతుంది? బఫర్‌ను 128కి దించితే ఆ ఆలస్యం రానూపోనూ ఐదు మిల్లీసెకన్లు, రెండు మీటర్ల లోపు. అది వేదిక మీద పక్కన కూర్చున్నంత. ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా గొంతు వినిపించే మీట కూడా చాలా పెట్టెలకు ఉంటుంది. గాయకులు తడబడుతుంటే వాళ్ళను అనేముందు ఈ రెండూ చూసుకోవాలి.

క్లిక్ మాటకొస్తే, దానికి సాంకేతిక పరిష్కారం లేదు. హెడ్‌ఫోన్లు తీసేశాను. మిడి ఆలోచన అప్పటికి పక్కన పెట్టాను. కళ్ళు మూసుకొని ఆవిడ పాట మొదలుపెట్టారు, ఆరు నిమిషాలు ఆగలేదు.

ఆవిడ టీ తాగుతుండగా నేను తెర ముందు కూర్చొని చూస్తే ప్రతి పాదం చివరా అల ఆగిపోయి కొంత మేర ఖాళీ ఉంది. రెండు, మూడు సెకన్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఊపిరి కోసం ఆగారేమో అనుకొని ఆ ఖాళీలు కొన్ని కత్తిరించి, పాదాలను దగ్గరికి జరిపి వినిపించాను. ఆవిడ విని ఒకటే అడిగారు.

"మా వాళ్ళ వంతేదిరా?"

ఒకరు పాడితే పొలంలో మిగతా ఆడవాళ్ళంతా అందుకొని తిరిగి పాడేవారు. ఆ ఖాళీ వాళ్ళది. పక్కన ఎవరూ లేకపోయినా, వాళ్ళలో చాలామంది ఇప్పుడు బతికి లేకపోయినా, ఆవిడ ఆ వంత పూర్తయ్యేదాకా ఆగి రెండో పాదం ఎత్తుకున్నారు. నేను నిశ్శబ్దమనుకున్నచోట పదిమంది ఉన్నారు. కత్తిరించినదాన్ని వెంటనే వెనక్కి తెచ్చాను. ఈ సాఫ్ట్‌వేర్లలో మంచి గుణం అదే. కోసింది తెర మీదే గానీ అసలు రికార్డింగు డిస్కులో చెక్కుచెదరకుండా ఉంటుంది. పాత రోజుల్లో రేడియో కేంద్రాల్లో టేపును బ్లేడుతో కోసి అతికించేవారు. సెకనుకు ఏడున్నర అంగుళాలు నడిచే టేపు మీద అర సెకను మౌనమంటే నాలుగు అంగుళాలకు కాస్త తక్కువ. కోసిన ముక్క నేల మీద పడ్డాక దాన్ని వెతుక్కోవలసిందే.

మర్నాడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముగ్గురిని పిలిచి, ఆవిడ పాట వినిపిస్తూ వంత పాడించి ఇంకో ఆడియో ట్రాకులో పట్టాను.

ఇక వాయిద్యాలు. ఆవిడ లయ నిమిషానికి 84 దెబ్బల దగ్గర మొదలై చివరికి 97 దాకా పెరిగింది. సాఫ్ట్‌వేర్ మొదట వేసుకున్న గీతలు సమాన దూరంలో ఉంటాయి కాబట్టి వాటికీ పాటకూ పొత్తు లేదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని గొంతును కోసి గీతల మీదికి లాగడం. నేను తిరగేసి చేశాను. పాట వింటూ ప్రతి దెబ్బకూ ఒక మెట్టు నొక్కుతూ పోయాను, ఆ నొక్కుళ్ళను బట్టి తాళం గీతలు సర్దుకునేలా పెట్టాను. దీన్ని టెంపో మ్యాప్ అంటారు, పెద్ద సాఫ్ట్‌వేర్లన్నిటిలో ఏదో ఒక రూపంలో ఉంటుంది. మూడు గంటలు పట్టింది. అయ్యాక చూస్తే గీతలు కొన్నిచోట్ల ఎడంగా, కొన్నిచోట్ల ఇరుగ్గా, ఆవిడ పాట వెంట నడిచాయి. మిడి కబుర్లు గీతలను అంటిపెట్టుకొని ఉంటాయి కాబట్టి ఆ తర్వాత వేసిన డప్పు దెబ్బలన్నీ ఆవిడతోపాటే నెమ్మదించాయి, ఆవిడతోపాటే ఉరికాయి. మిడికి నొప్పి లేదు. ఎంత వంచినా దానిలో ఏదీ విరగదు. గొంతును అలా వంచితే వినేవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది.

వేణువును మాత్రం తీసేశాను. మిడిలో వేణువు వాయించి చూస్తే ప్రతి స్వరమూ సరైన చోటే పలికింది, కానీ ఆవిడ గొంతు పక్కన పెడితే చెక్కబొమ్మలా ఉంది. మన సంగీతంలో స్వరం ఒక చోట నిలబడదు. తోడి రాగంలో గాంధారం తీసుకోండి, అది పక్క స్వరాల వైపు ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపే తోడి. వీణ మీద ఉన్నవి ఇరవై నాలుగు మెట్లే అయినా తీగను పక్కకు లాగి మధ్యలో ఉన్నవన్నీ పలికిస్తారు. కీబోర్డుకు తీగ లేదు. దానికి బదులు ఎడమ పక్కన పిచ్ బెండ్ చక్రం ఉంటుంది, అందులో 16,384 మెట్లున్నాయి. సాధన చేసినవాళ్ళు దానితో గమకాలు చక్కగా పలికిస్తారు, నేను విన్నాను. అయితే ఆ చక్రం తిప్పితే ఆ ఛానెల్లో ఉన్న స్వరాలన్నీ కలిసి కదులుతాయి. ఈ చిక్కు తీర్చడానికి 2018లో ప్రతి స్వరాన్నీ విడిగా వంచే ఒక పద్ధతిని ప్రమాణంలో చేర్చారు. 2020లో వచ్చిన మిడి 2.0లో అది ఇంకా సూక్ష్మమైంది. అలా వంచగల కీబోర్డు ఇంకా నా చేతికి రాలేదు. వచ్చినా ఆ పాటకు వేణువు కావాలనుకుంటే వేణువు వాయించే మనిషినే పిలుస్తాను.

దీన్ని బట్టి మిడి అంటే నాకు చులకన అనుకోకండి. మద్రాసు స్టూడియోల్లో ఒకప్పుడు గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి కూర్చొని పాట రికార్డు చేసేవారు. ఒక వయొలిన్ తప్పితే అందరూ మళ్ళీ మొదటినుంచి. ఆ ఖర్చు భరించగలిగినవారికే అప్పట్లో సంగీతం చేసే వీలుండేది. కీబోర్డులు వచ్చాక అది మారింది. తెలుగులో సంగీత దర్శకులు రాజ్-కోటి పాటలకు కీబోర్డు వాయించిన యువకుడు ఎ.ఆర్. రెహమాన్. 1992లో 'రోజా' సినిమా పాటలను కోడంబాకంలో తన ఇంటి ఆవరణలోని స్టూడియోలోనే చేశాడు. ఇప్పుడు తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్‌లో ఇరవై వయొలిన్లు వాయించగలుగుతున్నాడు. అది మిడి పెట్టిన భిక్ష. నేను కోపగించుకునేది ఒక్క విషయానికే. క్వాంటైజ్ అని ఒక బటన్ ఉంటుంది. వాయించిన ప్రతి దెబ్బనూ దగ్గరి గీత మీదికి లాగేస్తుంది. ఆలోచించకుండా నూటికి నూరు శాతం అది నొక్కడం, పాడిన గొంతుకు అపస్వరం ఉన్నా లేకపోయినా శ్రుతి దిద్దే యంత్రం తగిలించడం ఇప్పుడు అలవాటైపోయింది. డప్పు కొట్టేవాడు దెబ్బను వెంట్రుకవాసి వెనక వేస్తే దాన్ని తప్పనడం తప్పు. నేను పిన్నమ్మ పాటకు డప్పును వేళ్ళతో కొట్టి, కొట్టింది కొట్టినట్టే ఉంచాను.

చివరగా ఒక హెచ్చరిక, నా నష్టం నుంచి నేర్చుకున్నది. కొన్నేళ్ళ కిందట చేసిన పాటొకటి ఈమధ్య తెరిస్తే మిడి పట్టీలన్నీ ఉన్నాయి గానీ శబ్దం లేదు. ఆ కబుర్లు అందుకోవలసిన వాయిద్యం సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటరులో పనిచేయడం మానేసింది. స్వరలిపి మిగిలింది, వాయించేవాడు వెళ్ళిపోయాడు. అందుకే పాట పూర్తయ్యాక ప్రతి మిడి ట్రాకునూ ఆడియోగా మార్చి, మామూలు వేవ్ ఫైలుగా దాచాలి. మిడి ఫైలునూ విడిగా దాచాలి. రెండింటినీ రెండు వేరు వేరు డిస్కుల్లో, వీలైతే రెండు వేరు వేరు ఇళ్ళల్లో ఉంచాలి.

మీ ఇంట్లో లాలిపాట వచ్చిన అమ్మమ్మ ఉంటే, సువ్విపాట వచ్చిన మేనత్త ఉంటే, కంప్యూటరు కొనేదాకా ఆగకండి. చేతిలో ఉన్న ఫోను చాలు. తెల్లవారుజామున, వీధి మేలుకోక ముందు, ఫ్యాను ఆపి, ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, జానెడున్నర దూరంలో దిండు మీద ఉంచండి. క్లిక్ వద్దు, వాయిద్యం వద్దు. వారు ఆగినచోట మీరు మాట్లాడకండి, ఆ ఖాళీ ఎవరిదో పాట అయ్యాక అడిగి రాసుకోండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ కూడా మీ గొంతుతో రికార్డింగు చివర చెప్పండి. తాళం గీతలు తర్వాత ఎవరైనా గీసుకోవచ్చు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.